గోలీకి ఎడమ పక్కన

టామరాక్,
26 ఫిబ్రవరి 1956, ఆదివారం

మర్డో,

నిన్న మంచు హాకీ ఆట అయ్యాక రింకు వెనక తలుపు దగ్గర నీ కోసం నిలబడ్డాను. లోపలికి ఆడవాళ్లు రాకూడదని కాపలావాడు అడ్డుపడ్డాడు. వాడికి ఎక్కాలు నేర్పింది ఒక ఆడదే, అదీ నేనేనని గుర్తుచేసినా కదల్లేదు. ఈలోగా మీ కిన్‌లాక్ బస్సు వెళ్లిపోయింది. కిటికీలో నీ తలకి చుట్టిన తెల్లకట్టు మాత్రం కనిపించింది.

గెలిచినందుకు ఊళ్లో తెల్లవార్లూ కార్ల హారన్లు మోగాయి. లోయ కప్పు మళ్లీ మనదే. అలవాటుకొద్దీ 'మనది' అని రాశాను. ఈ జట్టుకి గోల్ కాసిన మొదటి గోలీ మీ తాతయ్య. నువ్వేమో పొరుగూరి ఎర్ర చొక్కా తొడుక్కుని మన ఆకుపచ్చ చొక్కాలకి ఎదురు నిలబడ్డావు. తప్పు నీది కాదని నాకు తెలుసు. రెండేళ్ల కింద కోచ్ వెండెల్ స్ప్రౌల్ ఎక్కడి నుంచో ఓస్లండ్ అనే గోలీని తెచ్చుకుని, నిన్ను నీళ్ల బకెట్ మొయ్యమన్నాడు. కిన్‌లాక్ వాళ్లు రంపపు మిల్లులో పని ఇచ్చి, గోల్ అప్పగించారు. వెళ్లావు. ఆ వారమే నా కంచెకి ఎవరో ఎర్ర రంగు పూసి పోయారు. నేను కడగలేదు. రోజూ చూసి చూసి చివరికి వాళ్లకే మొహం చెల్లలేదు.

గార్నెట్ పెల్కీ కర్రతో కొట్టిన రబ్బరు బిళ్ల నీ మొహానికి తగిలిన చప్పుడు చివరి వరసలో కూర్చున్న నాకు వినిపించింది. లోపలికి తీసుకుపోయి, కుట్లు వేసి, మళ్లీ తెచ్చి నిలబెట్టారు. చినిగిన గోనెసంచీ కుట్టి మళ్లీ బంగాళాదుంపలు పోసినట్టు. పెల్కీ మన కెప్టెన్ అయినంత మాత్రాన నేను వెనకేసుకు రాను. నాలుగో తరగతిలో వాడి పక్కన కూర్చున్న ప్రతి పిల్లాడి మోచెయ్యీ గీరుకుపోయి ఉండేది.

జట్టు చరిత్ర రాసిపెట్టమని రింకు కమిటీ నా ప్రాణం తీస్తోంది. మొదటి పేజీ దగ్గరే గొడవ. మిల్లు పనివాళ్లు సరస్సు మీద ఆట మొదలుపెట్టినప్పుడు మీ తాతయ్యకి స్కేటింగ్ రాదు కాబట్టి గోల్‌లో నిలబెట్టారని రాశాను. అది కొట్టేసి, 'కొండలా నిలిచిన ఆంగస్' అని రాయాలట. కదలడం రానివాడు కొండలాగే ఉంటాడు.

కన్ను ఎలా ఉంది? ఆ ఒక్కటీ సూటిగా రాయి.

యూఫీమియా డాల్‌గ్లీష్
(పూర్తి పేరు పెట్టానంటే నేను ఏ స్థితిలో ఉన్నానో నీకు తెలుసు)


కిన్‌లాక్,
1 మార్చి 1956

నాయనమ్మా,

కన్ను బాగానే ఉంది. నల్లబడ్డ చోట ఇప్పుడు పచ్చబడింది. నేను అద్దెకున్న ఇంటావిడ వోయ్‌కిన్ గారు పూటకో గిన్నెడు బీట్‌రూట్ చారు పోస్తోంది. అది కంటికి మంచిదో, ఆవిడ దగ్గర బీట్‌రూట్ ఎక్కువైందో అడగలేదు.

పెల్కీ కావాలని కొట్టలేదు. మధ్యలో మావాడి కర్రకి తగిలి బిళ్ల పైకి లేచింది. నాకు కోపం లేదు, నువ్వూ పెట్టుకోకు.

అసలు సంగతి వేరే. మీ ఓస్లండ్ కప్పు చేత్తో పట్టుకుని హోటల్ మెట్ల మీద జారిపడ్డాడట. భుజం ఎముక విరిగింది. కప్పుకి సొట్ట కూడా పడలేదట. స్ప్రౌల్ మా మిల్లుకి ఫోన్ చేశాడు. లోయలో గెలిచిన జట్టు పై పోటీకి వెళ్లేటప్పుడు ఓడినవాళ్ల నుంచి ఆటగాళ్లని అరువు తెచ్చుకోవచ్చు కదా, నన్ను అడుగుతున్నాడు. రెండేళ్ల కింద నన్ను "ఒరేయ్ బకెట్" అన్న నోటితోనే "మర్డో బాబూ" అన్నాడు.

ఇక్కడివాళ్లు ఏమీ అనుకోలేదు. మా కెప్టెన్ నా స్కేట్లు తనే సాన పట్టించి తెచ్చి చేతికిచ్చాడు. అరువు వెళ్లేవాడికి ఓడిన జట్టు చేసే మర్యాద అది.

పై పోటీలో ఎదురయ్యే వాంకూవర్ తీరం జట్టుని టామరాక్ ఇంతవరకూ ఒక్కసారీ గెలవలేదు. ఆ ఆటలో ఆకుపచ్చ చొక్కాతో గోల్‌లో నిలబడాలని చిన్నప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. నువ్వేమంటావు? వద్దంటే వెళ్లను.

మర్డో


టామరాక్,
3 మార్చి 1956

అరువు బిడ్డకి,

మీ స్ప్రౌల్ నిన్న నా వంటింట్లో కూర్చుని ఓట్స్ రొట్టెలు పళ్లెంలో ఒక్కటి మిగల్చకుండా తిని, నీకు నచ్చజెప్పి ఉత్తరం రాయమన్నాడు. "ఊరి పరువు టీచరుగారూ" అన్నాడు. ఆ పరువే నా కంచెకి రంగు పూసిందని చెప్పాను. నవ్వాడు. వాడికి వెటకారం ఎప్పుడూ అర్థం కాలేదు, పరీక్షల్లో కూడా.

కాబట్టి నచ్చజెబుతున్నాను. రా నాయనా, తప్పకుండా రా. నిన్ను వెళ్లగొట్టినవాళ్లకి ఇప్పుడు నీ మొహం అవసరమైంది. ఒక కన్ను ఇప్పటికే వాచి ఉంది, రెండోది కూడా తెచ్చి సమర్పించుకో. స్ప్రౌల్‌కి గోలీ దొరుకుతాడు, కమిటీకి ఫొటో దొరుకుతుంది, నాకు చరిత్రలో ఇంకో పేజీ దొరుకుతుంది. భయమేస్తే మాత్రం మానెయ్. ఎవరూ ఏమీ అనుకోరు. కిన్‌లాక్‌లో నీడపట్టున చెక్కలు కోసుకుంటూ బీట్‌రూట్ చారు తాగొచ్చు.

వద్దనే హక్కు నాకు లేదు. నీకు ఇరవై నాలుగేళ్లు.

మేజోళ్లు అల్లుతున్నాను. దేనికో నాకే తెలియదు.

నాయనమ్మ


వాంకూవర్, హోటల్ గది,
9 మార్చి 1956

నాయనమ్మా,

భయమేస్తే మానెయ్ అన్నావు. అర్థమైంది. అందుకే వచ్చాను.

టామరాక్ స్టేషన్లో రైలు ఆగినప్పుడు నువ్వు మేజోళ్లు చేతిలో పెట్టి ఒక్క మాటైనా మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోయావు. అంత జనం ముందు. ఇంకా నాకు భయమేననుకుంటున్నావేమో. ఆ రోజు ప్లాట్‌ఫారం మీదున్నవాళ్లందరూ నన్ను పేరు పెట్టి పిలిచారు నాయనమ్మా. కంచెకి రంగు పూసింది ఎవరని నువ్వు అనుమానపడ్డావో అతను కూడా. నీ గొంతు మాత్రం వినపడలేదు.

మన రింకులో మంచు నీళ్లయిపోయింది కాబట్టి ఆటలన్నీ ఇక్కడే. ఐదింట్లో మూడు గెలవాలి. ఇక్కడ మంచుని యంత్రాలు గడ్డకట్టిస్తాయి, బయట వానపడుతున్నా లోపల గట్టిగానే ఉంటుంది. మనవాళ్లు నోరు తెరుచుకుని చూశారు.

గార్నెట్ పెల్కీ నన్ను వదలడం లేదు. అభ్యాసం మొదలైన రెండో రోజు నుంచి నా గదిలోకే మారాడు. రోడ్డు దాటితే పక్కన, భోజనానికి కూర్చుంటే పక్కన. అడిగితే "ఊరికే" అంటాడు. అతని గురించి ఇక రాయను, నీకు నచ్చదు.

సోమవారం మొదటి ఆట. రేడియో పెట్టుకో.

మర్డో


టామరాక్,
15 మార్చి 1956

మర్డో,

నలభై ఏళ్లు పిల్లలకు వాక్యం రాయడం నేర్పినదాన్ని. 'రావద్దు' అని ఒక్క మాట సూటిగా రాయలేకపోయాను. నేను రాసినదాంట్లో నీకు వినపడింది భయం అన్న మాట ఒక్కటే. స్టేషన్లో మాట్లాడకపోవడం కోపం వల్ల కాదు. నోరు తెరిస్తే అంత జనం ముందు ఏం జరుగుతుందో నాకు తెలుసు, అందుకని మూసుకున్నాను. ఇంకొకటి కూడా చూశాను. నువ్వు నిలబడ్డంతసేపూ ఎడమ చెంప రైలు వైపు తిప్పి, కుడి చెంప నా వైపు పెట్టావు.

రెండు ఆటలూ విన్నాను. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. ఊరంతా రెండోదాని గురించి ఊగిపోతోంది. నేను గోల్స్ లెక్కపెట్టలేదు, అవి ఎటునుంచి వచ్చాయో విన్నాను. ప్రతిసారీ ఆ వ్యాఖ్యాత ఒకటే పాట: "మళ్లీ డాల్‌గ్లీష్ ఎడమ పక్కనుంచే." మీ తాతయ్యతో కాపరం చేసినదాన్ని, గోలీ గురించి నాకు కొంత తెలుసు. మంచి గోలీ కూడా తప్పులు చేస్తాడు, కానీ అన్ని పక్కలా చేస్తాడు.

ఇక ఆ పెల్కీ. "పెల్కీ మళ్లీ తన గోలీ మీదే అరుస్తున్నాడు" అని రేడియోవాడు నవ్వుతూ చెప్పాడు. నిన్ను కొట్టింది చాలక ఇప్పుడు పదివేల మంది ముందు తిట్టడం కూడానా. గదిలో, వీధిలో, భోజనం దగ్గర వెంటపడటం దేనికో ఇప్పుడు అర్థమైంది. నువ్వు కిన్‌లాక్ మనిషివని నమ్మకం లేక కాపలా పెట్టారు. మాంసం కొట్లో వాడి తల్లి ఎదురైతే, మీవాడికి గొంతు దండిగా ఉంది, బుద్ధి కూడా అంత ఉంటే బాగుండేదన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "మావాడు ఆ రోజు నుంచి నిద్రపోవడం లేదు టీచరుగారూ" అంది. నిద్రపోకూడదనే అన్నాను.

ఇప్పుడు ఒక పని చెయ్యి. ఈ కింద పెన్సిల్‌తో ఒక వాక్యం సన్నగా రాశాను. కుడి కన్ను చేత్తో మూసుకుని, ఎడమ కంటితో చదివి, ఏం రాశానో నాకు తిరిగి రాయి.

. . . . . . . . . . . . . . . . . . . .

నీ జవాబు కోసం పోస్టాఫీసు తలుపు తీసేసరికే అక్కడ ఉంటాను.

నాయనమ్మ


వాంకూవర్,
18 మార్చి 1956

నాయనమ్మా,

నిన్నటి ఆట పోయింది. రెండు వాళ్లవి, ఒకటి మనది. బుధవారం గెలిస్తే శనివారం దాకా బతికుంటాం.

వాళ్ల అమ్మతో అలా అనకుండా ఉండాల్సింది. గార్నెట్‌కి ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్నేమీ అనలేదు. అరవడం సంగతి నువ్వనుకుంటున్నట్టు కాదు. ఇంతకన్నా చెప్పలేను.

నువ్వు పెన్సిల్‌తో రాసింది శుభ్రంగా చదివాను. మరీ చిన్న అక్షరాలు రాశావు గాని నాకేం కష్టం కాలేదు. నువ్వెప్పుడూ చెప్పే మాటే కదా. అలాగే చేస్తాను, బెంగపెట్టుకోకు.

ఇక్కడ చేపలు బాగుంటాయి. స్ప్రౌల్ మూడు పూటలా తింటున్నాడు.

మర్డో


టామరాక్,
20 మార్చి 1956

మర్డో,

నేను పెన్సిల్‌తో రాసింది వాక్యం కాదు. అక్షరం కూడా కాదు. కోడి కెలికినట్టు నాలుగు గీతలు గీశాను. రెండు కళ్లూ, కళ్లజోడూ పెట్టుకుని నేనే చదవలేను. నువ్వు శుభ్రంగా చదివావు. అలాగే చేస్తానని కూడా అన్నావు. ఏం చేస్తావో కనుక్కోవాలని ఉంది.

హోంవర్కు చెయ్యకుండా చేశామని చెప్పే పిల్లల్ని పట్టుకోవడానికి వాడిన ఉపాయం ఇది. నీ మీద పనిచేస్తుందని తెలిసే వేశాను. పనిచెయ్యకూడదని ఉత్తరం మడిచినప్పటినుంచీ కోరుకుంటూనే ఉన్నాను.

నీకు ఎడమ కన్ను కనిపించడం లేదు.

ఇది వెటకారం కాదు, విడమర్చి రాస్తున్నాను. వెంటనే స్ప్రౌల్‌కి చెప్పు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇంకొక బిళ్ల, కాదు, ఇంకొక మోచెయ్యి తగిలినా ఏమవుతుందో నాకూ తెలియదు, నీకూ తెలియదు. కప్పు రాకపోతే ఊరు ఏడుస్తుంది, వేసవి వచ్చేసరికి మరిచిపోతుంది. ఈ జట్టు చరిత్రంతా ఇప్పుడు నా బల్ల మీద ఉంది కాబట్టి చెబుతున్నాను. మంచు బరువుకి రింకు పైకప్పు కూలిన ఏడాదిని కూడా మరిచిపోయారు, ఎవరు ఎక్కడ నిలబడి తప్పించుకున్నారో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మీ నాన్న యుద్ధానికి వెళ్లి ఇటలీలో చనిపోయిన ఏడాది ఊళ్లో మగవాళ్లు చాలక జట్టే లేదు. దాన్ని కూడా 'విరామం' అని రాయమన్నారు.

నాకు మిగిలింది నువ్వొక్కడివి. ఇలా ఎప్పుడూ రాయలేదు, ఇకముందు రాయను.

శుక్రవారం సాయంత్రం టెలిగ్రాఫ్ ఆఫీసు మూసేలోగా నువ్వు చెప్పినట్టు నాకు కబురు రాకపోతే, నేనే స్ప్రౌల్‌కి తంతి కొడతాను. ఊరు నన్ను ఏమన్నా సరే.

నాయనమ్మ


వాంకూవర్,
22 మార్చి 1956, గురువారం

నాయనమ్మా,

బుధవారం గెలిచాం. రెండూ రెండూ అయ్యాయి. శనివారం తేలిపోతుంది. నీ ఉత్తరం ఇప్పుడే అందింది.

నిజం. దెబ్బ తగిలిన వారానికి ఎడమ కంట్లో అంచు నుంచి ఒక పరదా లేవడం మొదలైంది. ఇప్పుడు సగం దాకా వచ్చింది. బిళ్ల అటునుంచి వస్తే తగిలేదాకా తెలియదు.

నువ్వు తిట్టిపోస్తున్న గార్నెట్ ఒక్కడే దాన్ని కనిపెట్టాడు. రెండో రోజు అభ్యాసంలో ఎడమనుంచి మెల్లగా ఒకటి వేశాడు. నేను కదల్లేదు. గదికి వచ్చి తలుపు మూసి, "ఎంత కనిపిస్తోంది?" అని అడిగాడు. అబద్ధం చెప్పాను. ఇంకోసారి అడిగాడు, చెప్పాను. డాక్టరు దగ్గరికి పదమని గంటసేపు పోరు పెట్టాడు. ఈ ఆటలయ్యాక తప్ప కదలనన్నాను. చివరికి తల పట్టుకుని, "ఆ బిళ్ల నాది. నీ ఎడమ పక్క నేనుంటాను. నోరు పోయేదాకా చెబుతూనే ఉంటా, నువ్వు నా గొంతు వైపు కదులు" అన్నాడు. రేడియోలో అరుపులంటే అవే. పైన, కింద, వచ్చింది, ఆగు. అంతే. వీధిలో ఎడమ పక్కన నడిచేది కూడా ట్రాము కింద పడతానని.

శనివారం ఒక్కటి. ఆదివారం డాక్టరు దగ్గరికి వెళ్తానని గార్నెట్‌కి మాట ఇచ్చాను. అతనికి ముప్పై నాలుగేళ్లు, ఇదే ఆఖరుసారి. ఊరికి మొదటిసారి. నువ్వు తంతి కొట్టకు. కొడితే ఎప్పటికీ క్షమించను. ఇది కూడా విడమర్చే రాస్తున్నాను.

మర్డో


టామరాక్,
25 మార్చి 1956, ఆదివారం

మర్డో,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. నేను తంతి శుక్రవారమే కొట్టాను. 'మర్డో ఎడమ కన్ను పోతోంది. ఆడించవద్దు. యూ. డాల్‌గ్లీష్.' టెలిగ్రాఫ్ లోమస్ అది రెండుసార్లు చదివి, "నిజంగా పంపమంటారా టీచరుగారూ? రేపు ఆట" అన్నాడు. డబ్బు బల్లమీద పెట్టాను. నేను ఇంటికి చేరేలోపల ఊరంతటికీ తెలిసిపోయింది.

నీ ఉత్తరం ముందే వచ్చి ఉంటే కొట్టేదాన్ని కాదని అనుకుంటున్నావేమో. ఇంకా తొందరగా కొట్టేదాన్ని. పరదా అన్న మాట చదివాక మళ్లీ ఆఫీసుకి వెళ్లి రెండో తంతి కొట్టబోయాను. లోమస్ లైను బాగాలేదన్నాడు. లైను బాగానే ఉందని ఆ టక్‌టక్ వింటేనే తెలుస్తోంది.

రాత్రి రేడియో పెట్టుకుని కూర్చున్నాను. గోల్‌లో ఎవరున్నారో చెప్పేదాకా అల్లిక సూదులు ముట్టలేదు. తీరం జట్టు అభ్యాసానికి వాడుకునే గోలీని మనకి అరువిచ్చారట, ఏదో ఫిన్లాండ్ పేరు. ఒక్క గోల్ తేడాతో పోయింది. నీ పేరు మళ్లీ ఎత్తలేదు. నువ్వెక్కడున్నావో, పడుకున్నావో, ఎవరు చూస్తున్నారో, ఒక్క ముక్కైనా చెప్పలేదు. హోటల్‌కి ఫోన్ చేస్తే నువ్వు ఖాళీ చేశావన్నారు. ఎటు వెళ్లావో తెలియదన్నారు.

ఈరోజు చర్చిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. కాసేపటికి పెల్కీ తల్లి వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకేమీ తెలియదు. నేను చెప్పాను. ఇద్దరం పాటలు పాడలేకపోయాం.

ఎక్కడున్నావో రాయి. తిట్టాలనుకుంటే తిట్టి రాయి. నీ హోటల్‌కే పంపుతున్నాను, వాళ్లు ఎక్కడికైనా చేరవేస్తారని.

నాయనమ్మ


వాంకూవర్, ఆసుపత్రి,
28 మార్చి 1956

టీచరుగారూ,

ఇది నా చేతిరాత, గార్నెట్ పెల్కీని. మీరు ఈ చేతిరాతని పేడపురుగు నడక అనేవారు. మర్డో చెబుతుంటే రాస్తున్నాను. అతని రెండు కళ్లకీ కట్లు కట్టారు, తలకి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు, కదలకూడదు. ఆపరేషన్ సోమవారం అయింది. కంటి వెనక పొర ఊడిందట. కుట్టారో, అంటించారో, డాక్టరు చెప్పింది నాకు అర్థం కాలేదు. కట్లు విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నాడు.

ఇక మర్డో చెప్పిందే రాస్తాను.

"నాయనమ్మా, నేను నిన్ను ఇంకా క్షమించలేదు."

(అలాగే రాయమన్నాడు. నేను మెత్తగా రాస్తానంటే ఒప్పుకోలేదు.)

"నీ తంతి శుక్రవారమే అందింది. స్ప్రౌల్ దాన్ని చదివి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. శనివారం బట్టలు మార్చుకునే గదిలో నా భుజం తట్టి 'అంతా బాగేనా బాబూ?' అన్నాడు. బాగే అన్నాను. గోల్‌కి నా పేరే రాశాడు. అప్పుడు గార్నెట్‌తో పక్కకి వెళ్లి, వీడి ముసలమ్మ ఏదో గోల చేస్తోంది, నువ్వు ఎడమవైపు కాస్త చూసుకో అన్నాడట. గార్నెట్ ఆ తంతి చూపించమన్నాడు. చదివాడు. వచ్చి నా ముందు కూర్చుని తన స్కేట్లు విప్పేశాడు. 'నువ్వు దిగితే నేను దిగను' అన్నాడు. జట్టంతా చూస్తోంది. బతిమాలాను. తిట్టాను. కాళ్లకి మేజోళ్లు కూడా విప్పేశాడు. చివరికి నేనే గోలీ మోకాలి మెత్తలు విప్పాను."

(టీచరుగారూ, నేను ముందే ఆపాల్సింది. నాకు కప్పు కావాలనిపించింది. మీ తంతిలో 'పోతోంది' అని చూశాక ఇక నటించలేకపోయాను.)

"అతను ఏం రాస్తున్నాడో నాకు తెలియదు. చాలాసేపు రాస్తున్నాడు. నిద్రొస్తోంది. నువ్వు రాసే ఉత్తరాలు కూడా అతనే చదివి వినిపిస్తాడు, చూసి రాసుకో."

మర్డో, గార్నెట్ చేత్తో


టామరాక్,
1 ఏప్రిల్ 1956, ఈస్టర్

గార్నెట్,

ఈ మొదటి పేరా పైకి చదవకు, మనసులో చదువుకో. నీ గొంతు మీద, నీ బుద్ధి మీద నేను రాసినవీ, మీ అమ్మతో అన్నవీ నీకు తెలుసు. అవి తప్పు. తప్పని నేను ఎవరికీ తరచుగా రాయను, కాబట్టి ఎలా రాయాలో చేత కావడం లేదు. మీ అమ్మ ఈరోజు మా ఇంట్లోనే భోంచేసింది. మాంసం మాడ్చాను. ఆవిడ బాగుందంది. మిల్లులో నీ పని ఉంచుతారో లేదోనని ఆవిడ బెంగ. స్ప్రౌల్ బావమరిది అక్కడ మేస్త్రీ కదా. రేపు మేనేజరు దగ్గరికి నేను వెళ్తాను. అతనికి కూడా నేనే చదువు చెప్పాను, అతని సంగతులు చాలా తెలుసు.

ఇక్కడినుంచి పైకి చదువు.

మర్డో, నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు. నిన్ను అడగలేదు కూడా. మళ్లీ అదే శుక్రవారం వస్తే మళ్లీ అదే కొడతాను. అది నీకు తెలియాలి, ఎందుకంటే నేను మారానని నువ్వు అనుకుని మెత్తబడితే అది మోసం అవుతుంది.

ఊళ్లో కొందరు నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది. రొట్టెల కొట్టు ఆవిడ మాత్రం నిన్న డబ్బు తీసుకోలేదు, ఏమీ అనకుండా సంచీలో ఇంకో రొట్టె వేసింది. ఆవిడ తమ్ముడు కూడా గోలీయే. స్ప్రౌల్ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, లోమస్‌కి మాత్రం చెప్పాను. అంటే చాలు.

కదలకు. తుమ్మొస్తే కూడా ఆపుకో. డాక్టరు ఏమన్నాడో, ఎంతసేపు ఆలోచించి అన్నాడో, రెండూ రాయించు.

నాయనమ్మ


వాంకూవర్,
13 ఏప్రిల్ 1956

నాయనమ్మా,

ఇది నా రాతే. వంకరగా ఉంటే సర్దుకో.

మొన్న కట్లు విప్పారు. ముందు కుడిది, తరవాత ఎడమది. ఎడమదానికి మొదట వెలుతురు తప్ప ఏమీ లేదు.  డాక్టరు దీపం ఇంకాస్త దగ్గరికి జరిపాడు. చాలాసేపటికి ఒక తెల్లటిది కదిలింది, అది నర్సు టోపీ. ఈరోజు ఆవిడ మొహం కూడా తెలుస్తోంది. కింది అంచున బూడిదరంగు ఉండిపోతుందట. మిగతా కన్ను నిలుస్తుందన్నాడు. శనివారం ఆడి ఉంటే ఏమయ్యేదని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "దాని గురించి ఇప్పుడెందుకు" అన్నాడు.

గోల్‌లో మాత్రం ఇక ఎప్పుడూ నిలబడకూడదు. సరదాకి కూడా వద్దన్నాడు. రంపాల దగ్గర కూడా పనికి పోవద్దన్నాడు.

మనసులో చదువుకోమన్న పేరా కూడా గార్నెట్ పైకే చదివాడు. అలాంటివి ఒక్కడే చదివే ధైర్యం లేదట. మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నాడు. అతను సోమవారం బయల్దేరుతున్నాడు. నన్ను ఇరవయ్యో తారీకు దాకా ఉంచుతారు.

కన్ను మిగిలింది, అది నీ వల్లే. నాకు తెలుసు. అయినా నీ మీద కోపం పోలేదు నాయనమ్మా. పోయిందని రాస్తే అబద్ధం. నాకు వచ్చిన ఒకే ఒక పనిని నువ్వు నాలుగు మాటల్లో తీసేశావు. ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంటికే వస్తాను. వచ్చాక మాట్లాడతానో లేదో చెప్పలేను.

మర్డో


టామరాక్,
16 ఏప్రిల్ 1956

మర్డో,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. 'నిలుస్తుంది' అన్నచోట ఆగి కూర్చున్నాను. మళ్లీ లేవడానికి లోమస్ చెయ్యి అందించాడు. అతన్ని ఇక తిట్టకూడదు, అదొక నష్టం.

వచ్చాక ఏం పని చెయ్యాలో వచ్చాక చూద్దాం. దాని గురించి ఇప్పుడు నేను ధైర్యం చెప్పను. నీకు పోయింది చిన్నది కాదు. చిన్నదేనని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

మాట్లాడతానో లేదో చెప్పలేనన్నావు. మాట్లాడకు. తలుపు తీసే ఉంటుంది. లోపలికి వచ్చి, బల్ల దగ్గర నాకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చో. నీ కోపం పోవాలని నేను తొందరపడటం లేదు. వేసవంతా ఉంచుకో. వచ్చే చలికాలం దాకా ఉంచుకో. నేను అన్నం తింటున్నప్పుడు, టీ పోస్తున్నప్పుడు, ఎంత కోపంగా చూడాలనిపిస్తే అంత కోపంగా నన్ను చూడు.

రెండు కళ్లతోనూ చూడు.

నాయనమ్మ